మూడు క్లబ్బులు, మూడు పాఠాలు: ఆటకు ఇచ్చిన చందా ఎక్కడ నిలుస్తుంది?





సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. ఈ మూడు ఊళ్లలో ఆటల పేరుతో చందా అడగని సంవత్సరం ఉండదు. ఎండాకాలం సెలవుల్లో క్రికెట్, సంక్రాంతికి కబడ్డీ, వాలీబాల్. ముఖ్య అతిథికి శాలువా, గెలిచిన జట్టుకు పెద్ద కప్పు, ఓడిన జట్టుకు చిన్న కప్పు, ఫ్లెక్సీ మీద చందా ఇచ్చినవాళ్ల ఫొటోలు. అడిగే పిల్లలు మనవాళ్లే కాబట్టి కాదనలేం. జేబులో చెయ్యి పెడతాం. మూడో రోజు టెంటు విప్పేస్తారు. నాలుగో రోజు నుంచి ఆ పిల్లల్లో ఒకడు మెకానిక్ షెడ్డుకు, ఒకడు రైస్ మిల్లుకు, ఒకడు సెల్‌ఫోన్‌లోకి వెళ్లిపోతాడు. మళ్లీ ఏడాది దాకా వాళ్ల చేయి పట్టుకుని ఆట నేర్పే మనిషి కనిపించడు.

ఆ మూడు రోజుల సంతోషం తక్కువదని అనడం లేదు. కానీ మస్జిద్‌కు ఇచ్చేటప్పుడు, బోరు వేయించేటప్పుడు, పిల్లల ఫీజు కట్టేటప్పుడు మనం ఒక మాట తప్పక అడుగుతాం: ఇది ఎంతకాలం పనికొస్తుంది? ఆట విషయంలో మాత్రం ఆ మాట అడగడం మరిచిపోతాం. ఈ వ్యాసం ఆ ఒక్క ప్రశ్న కోసమే. జవాబు కోసం మూడు ఫుట్‌బాల్ జట్ల చరిత్ర చూద్దాం. ఒకటి కలకత్తాలో పుట్టి 130 ఏళ్లు దాటినా బతికే ఉంది. రెండోది మన హైదరాబాద్‌లో దేశాన్నంతా గెలిచి, తర్వాత మసకబారింది. మూడోది కూడా హైదరాబాద్‌దే. దేశ విజేతగా నిలిచి, ఆరేళ్లకే ఊరు విడిచి వెళ్లిపోయింది. ముగ్గురి కథా చదివితే మన డబ్బు ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ కరిగిపోతుందో తెలుస్తుంది.

క్లబ్బు అంటే ఏమిటి?

ముందు మూడు మాటలను విడదీసి చూడాలి. టోర్నమెంటు అంటే కొన్ని రోజుల పోటీ. జట్టు అంటే ఆ పోటీలో దిగే పదిమంది, పదకొండు మంది. క్లబ్బు అంటే వీటి వెనుక ఏడాది పొడవునా ఉండే సంస్థ. దానికి సభ్యులుంటారు, సభ్యత్వ రుసుము ఉంటుంది, లెక్కల పుస్తకం ఉంటుంది, మైదానం ఉంటుంది, నేర్పే గురువు ఉంటాడు. జట్టు ఓడిపోవచ్చు, ఆటగాళ్లు మారిపోవచ్చు. క్లబ్బు ఉంటే మరుసటి ఏడాది మరో జట్టు తయారవుతుంది.

ఆటగాళ్లకు జీతాలిచ్చి ఆడించే క్లబ్బును ప్రొఫెషనల్ క్లబ్బు అంటారు. ప్రపంచంలో పేరున్న ప్రొఫెషనల్ క్లబ్బుల్లో చాలావాటికి ఫుట్‌బాల్ ఒక్కటే ఆట కాదు. 1899లో పుట్టిన స్పెయిన్ దేశపు బార్సిలోనా క్లబ్బును అందరూ ఫుట్‌బాల్‌తోనే గుర్తుపడతారు. అదే క్లబ్బుకు బాస్కెట్‌బాల్, హ్యాండ్‌బాల్, రోలర్ హాకీ జట్లు కూడా ఉన్నాయి. పైగా ఆ క్లబ్బుకు ఒక సేఠ్ అంటూ లేడు, సభ్యులే యజమానులు. కైరోలో 1907లో ఏర్పడిన అల్ అహ్లీ కూడా ఫుట్‌బాల్‌తో పేరు తెచ్చుకున్నదే. దాని నీడలో హ్యాండ్‌బాల్, వాలీబాల్, బాస్కెట్‌బాల్ పెరిగాయి. ఫుట్‌బాల్ జనాన్ని తెస్తుంది, జనం సభ్యత్వాన్ని తెస్తారు, ఆ సభ్యత్వం మీద మిగతా ఆటలు బతుకుతాయి. పెద్ద చింతచెట్టు కింద చిన్న మొక్కలు ఎండకు మాడిపోకుండా పెరిగినట్టు.

మన దేశంలో ఇలాంటి క్లబ్బు చూడాలంటే కలకత్తా వెళ్లాలి.

మొదటి పాఠం: సభ్యులు నిలబెట్టిన క్లబ్బు

మహమ్మదన్ స్పోర్టింగ్ క్లబ్ ఒక్క రోజులో పుట్టలేదు. 1887లో కలకత్తా ముస్లిం యువకులు, పెద్దలు కలిసి జూబిలీ క్లబ్ పెట్టారు. అది క్రెసెంట్ క్లబ్ అయింది, తర్వాత హమీదియా క్లబ్ అయింది. చివరికి 1891లో మహమ్మదన్ స్పోర్టింగ్‌గా స్థిరపడింది. నాలుగేళ్లలో నాలుగు పేర్లు! మొదటి ప్రయత్నం నిలవలేదని వాళ్లు చేతులు ముడుచుకుని కూర్చుని ఉంటే ఈ రోజు చెప్పుకోవడానికి ఈ కథ ఉండేది కాదు.

ఆ తర్వాత కూడా నలభై ఏళ్లకు పైగా గొప్ప విజయం లేదు. 1933లో ఆ జట్టు కలకత్తా ఫుట్‌బాల్ లీగ్ మొదటి డివిజన్‌కు అర్హత సాధించింది. 1898లో మొదలైన ఆ లీగ్‌ను అప్పటిదాకా ఏటా బ్రిటిష్ జట్లే గెలుస్తూ వచ్చాయి. 1934లో, మొదటి డివిజన్‌లో అడుగుపెట్టిన తొలి ఏడాదే, మహమ్మదన్ స్పోర్టింగ్ ఆ లీగ్ గెలిచింది. ఒక భారతీయ జట్టు ఆ లీగ్ గెలవడం అదే మొదటిసారి. అక్కడితో ఆగలేదు. 1938 వరకు వరసగా ఐదేళ్లు గెలిచింది. 1936లో ఐఎఫ్‌ఏ షీల్డు కూడా గెలిచింది. 1940లో ఢిల్లీలో జరిగిన డ్యూరాండ్ కప్ ఫైనల్లో రాయల్ వార్విక్‌షైర్ రెజిమెంట్‌ను 2-1 తేడాతో ఓడించింది. 1888 నుంచి బ్రిటిష్ సైనిక జట్ల సొత్తుగా ఉన్న ఆ కప్పును అందుకున్న తొలి భారతీయ జట్టు అదే.

ఆ విజయం వెనుక రెండు తెలివైన పనులున్నాయి. ఒకటి, వాళ్లు కలకత్తా గల్లీలకే పరిమితం కాలేదు. బెంగళూరు వంటి దూరపు ఊళ్ల నుంచి కూడా మంచి ఆటగాళ్లను వెతికి తెచ్చారు. రెండోది, అప్పట్లో మనవాళ్లు చాలామంది వట్టి కాళ్లతో ఆడేవారు. పొడి నేల మీద అది చెల్లేది, వానకు తడిసిన గడ్డి మీద కాలు జారేది. బూట్లు వేసుకున్న గోరా జట్లు అక్కడే గెలిచేవి. మహమ్మదన్ జట్టు వాన రోజుల్లో బూట్లతో ఆడటం అలవాటు చేసుకుంది. ఉత్సాహం అందరికీ ఉంది. బూట్లు కొనిపెట్టి, వాటితో పరుగెత్తడం నేర్పే సంస్థ వీళ్లకు ఉంది.

ఆ పేరు ఎంత దూరం వెళ్లిందంటే 1936లో ఢాకాలో అదే పేరుతో మరో క్లబ్బు వెలిసింది. అక్కడ అది ఫుట్‌బాల్‌తో పాటు క్రికెట్, హాకీ జట్లను కూడా పోషిస్తోంది. కలకత్తా మాతృసంస్థ కూడా ఫుట్‌బాల్‌తో పాటు హాకీ, క్రికెట్ ఆడిన క్లబ్బే. మన హైదరాబాద్ ఆటగాళ్లకు అది రెండో ఇల్లు. ఒలింపియన్ అబ్దుల్ లతీఫ్ ఆ నలుపు తెలుపు జెర్సీ తొడుక్కున్నారు. ముహమ్మద్ హబీబ్, ఆయన తమ్ముడు అక్బర్ కూడా తొడుక్కున్నారు.

కష్టాలు రాలేదా? వచ్చాయి. 1981లో కలకత్తా లీగ్ గెలిచిన ఆ క్లబ్బు మళ్లీ ఆ లీగ్ గెలవడానికి 2021 దాకా ఆగవలసి వచ్చింది. నలభై ఏళ్లు! ఈ మధ్యలో 2013లో డ్యూరాండ్ కప్, 2014లో ఐఎఫ్‌ఏ షీల్డు గెలిచింది. అదే 2014లో డబ్బు లేక జట్టునే మూసేస్తున్నట్టు ప్రకటించింది. అయినా క్లబ్బు చావలేదు. సభ్యులున్నారు, మైదానం ఉంది, పేరుంది. మళ్లీ లేచి 2024లో ఐ-లీగ్ గెలిచి, దేశంలో పెద్ద లీగ్ అయిన ఐఎస్‌ఎల్‌లో చేరింది. అప్పటి జట్టు కోచ్ రష్యా దేశస్తుడు. ఆటగాళ్లలో బెంగాల్ ముస్లిములున్నారు, మిజోరం కుర్రాళ్లున్నారు, అర్జెంటీనా వాడున్నాడు. పేరులో సమాజం ఉన్నా తలుపు అందరికీ తెరిచే ఉంది. పై లీగ్‌లో మొదటి ఏడాదే జీతాల బకాయిలతో మళ్లీ ఇబ్బంది పడిన మాట కూడా నిజమే. డబ్బు కష్టం ఈ క్లబ్బుకు కొత్త కాదు. డబ్బు పోయినప్పుడు కూడా మిగిలే సభ్యులు దానికి ఉన్నారన్నదే తేడా.

మొదటి పాఠం: క్లబ్బును సభ్యుల మీద నిలబెట్టాలి. ఒక్క పెద్ద దాత కంటే ఏటా కొంచెం కొంచెం ఇచ్చే రెండు వందల మంది నమ్మకమైన పునాది.

రెండో పాఠం: ఒక పంతులు నేర్పిన ఆట

ఇప్పుడు మన హైదరాబాద్‌కు వద్దాం. సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. వృత్తి బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి బడుల్లో చదువు చెప్పారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా పనిచేశారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. అందరూ రహీం సాబ్ అని పిలిచేవారు. ఈ మధ్య 2024లో ఆయన జీవితం మీద 'మైదాన్' అనే హిందీ సినిమా కూడా వచ్చింది.

సిటీ పోలీస్ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు గెలిచింది. 1950లో, 1954లో, 1957లో డ్యూరాండ్ కప్ కూడా గెలిచింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ జట్టు 1956లో, 1957లో గెలిచింది. ఆ రోజుల్లో భారత జట్టులో హైదరాబాద్ పేర్లే ఎక్కువగా వినిపించేవి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో నూర్ ముహమ్మద్, అజీజ్, లతీఫ్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరాం ఉన్నారు. వీళ్లంతా హైదరాబాద్, సికింద్రాబాద్ మైదానాల్లో పెరిగినవాళ్లే. ఆ జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు అదే. కోచ్ రహీం సాబ్.

ఇంత చిన్న ప్రాంతం నుంచి ఇంతమంది ఎలా వచ్చారు? దీనికి జవాబు ఆయన నేర్పే పద్ధతిలో ఉంది. రహీం సాబ్ పిల్లలకు వింత పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే తన్నాలి. మరో పోటీలో బంతిని కాళ్ల దగ్గర తిప్పుతూ ఒంటరిగా దూసుకుపోకూడదు, వెంటనే పక్కవాడికి అందించాలి. మొదటిది రెండో కాలికి బలం ఇచ్చింది. రెండోది తోటివాడిని చూసే కన్ను ఇచ్చింది. ఇందుకు పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. ఒక బంతి, ఒక ఖాళీ స్థలం, పిల్లల్ని గమనించే ఒక ఓపికైన మనిషి ఉంటే చాలు.

మరో బలం ఉద్యోగం. ఆట బాగా వచ్చిన పేదింటి కుర్రాడికి పోలీసు శాఖలో కొలువు దొరికేది. ఇంట్లో పొయ్యి వెలిగేది, సాయంత్రం సాధనకు తీరిక ఉండేది. కులం, మతం అడ్డు రాలేదు. ముస్లింలు, క్రైస్తవులు, హిందువులు ఒకే జట్టులో ఒకరి కోసం ఒకరు పరుగెత్తారు.

1962లో జకార్తా ఆసియా క్రీడలకు వెళ్లేనాటికే రహీం సాబ్‌ను క్యాన్సర్ తొలిచేస్తోంది. దక్షిణ కొరియా చేతిలో తొలి మ్యాచ్ ఓడిన మన జట్టు, సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్లో అదే కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం గెలిచింది. 1951 ఢిల్లీ తర్వాత ఆయన శిక్షణలో రెండో స్వర్ణం అది. తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. ఆ తర్వాత ఇన్నేళ్లలో భారత్ ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మళ్లీ గెలవలేదు.

ఆయన శిష్యుల తరం ఇంకొన్నాళ్లు దీపం ఆరనివ్వలేదు. 1965లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు మన సయ్యద్ నయీముద్దీన్ కెప్టెన్. హబీబ్ కూడా ఆ జట్టులో ఉన్నారు. 1977లో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ 2-2తో సమం చేసిన మ్యాచ్‌లో ఒక గోలు హబీబ్‌దే. కానీ గమనించండి, ఆ గోలు కొట్టింది కలకత్తా జట్టు తరఫున. బలరాం, నయీం, హబీబ్, అక్బర్ అందరూ ఆట కోసం, కూటి కోసం కలకత్తా దారి పట్టారు. అక్కడ జీతమిచ్చే క్లబ్బులున్నాయి. మన దగ్గర గొప్ప గురువు ఉన్నాడు, పోలీసు కొలువులున్నాయి. ఆ గురువు పోయాక ఆయన పనిని పట్టుకుని నడిపే సభ్యుల క్లబ్బు మాత్రం లేకపోయింది.

రెండో పాఠం: ఆటను నిలబెట్టేది గురువు. కానీ గురువు ఒక మనిషి, ఏదో ఒక రోజు వెళ్లిపోతాడు. ఆయన ఉండగానే మరో ఇద్దరు గురువులను తయారు చేసే పని సంస్థది.

మూడో పాఠం: డబ్బుతో వచ్చింది, డబ్బుతో పోయింది

హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్ 2019 ఆగస్టులో పుట్టింది. పెట్టుబడి ఉంది, విదేశీ కోచ్ ఉన్నాడు, గచ్చిబౌలి స్టేడియం ఉంది. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీ షూటౌట్‌లో 3-1తో గెలిచి ఐఎస్‌ఎల్ విజేత అయింది. కరోనా కారణంగా ఆ ఏడాది మ్యాచులన్నీ గోవాలోనే జరిగాయి. అంటే మన ఊరి పేరు పెట్టుకున్న జట్టు మన ఊరివాళ్ల కళ్ల ముందు ఒక్క మ్యాచ్ ఆడకుండానే ఆ కప్పు గెలిచింది.

ఆ తర్వాతి కథ వేగంగా నడిచింది. జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం, ఉన్నవాళ్లు వెళ్లిపోవడం. 2023-24 సీజన్‌లో ఆ జట్టు పట్టికలో అట్టడుగున మిగిలింది. యాజమాన్యం చేతులు మారింది. 2025లో జట్టు ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఇక్కడి అభిమానులకు మిగిలింది పసుపు రంగు జెర్సీలే.

ఇందులో ఎవరినీ నిందించే ఉద్దేశం లేదు. వ్యాపారంగా పెట్టినదాన్ని వ్యాపారం సాగనప్పుడు మార్చేస్తారు, అది సహజం. అభిమానులు టికెట్ కొన్నారే తప్ప సభ్యులు కాలేదు. వాళ్లను అడగవలసిన అవసరం ఎవరికీ రాలేదు. కలకత్తాలో జట్టు మూతపడినా క్లబ్బు మిగలడానికీ, ఇక్కడ కప్పు గెలిచిన జట్టే వెళ్లిపోవడానికీ మధ్య ఉన్న తేడా ఇదే.

మూడో పాఠం: కప్పు గెలవడం వేళ్లూనడం కాదు. ఊరి పిల్లలు, ఊరి సభ్యులు, ఊరి మైదానం లేని జట్టు ఎంత గెలిచినా అద్దె ఇంట్లో ఉన్నట్టే.

ఆట, దీన్, దానం

ఆటకు దానం చేయడం పుణ్యమా అని కొందరు పెద్దలు అడుగుతారు. బలహీనుడైన విశ్వాసి కంటే బలవంతుడైన విశ్వాసి మేలని దైవప్రవక్త (స) బోధించారు. ఆయన హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం ఆడిన ఉదంతం హదీసుల్లో ఉంది. విలువిద్య, గుర్రపు స్వారీ నేర్చుకోమని ప్రోత్సహించారు. పందెం డబ్బు, నమాజ్ తప్పించడం, తిట్లు, కొట్లాటలు లేని ఆట ఒంటికీ మనసుకూ మేలే చేస్తుంది.

మనిషి మరణించాక కూడా పుణ్యం అందించే వాటిలో సదఖా జారియా ఒకటి, పదిమందికి పనికొచ్చే విద్య ఒకటి. ఏళ్ల తరబడి పిల్లలు ఆడుకునే మైదానాన్ని మొదటిదిగా, గురువు నేర్పే క్రమశిక్షణను రెండోదిగా భావించి ఇవ్వవచ్చు.

ఒక హెచ్చరిక మాత్రం తప్పనిసరి. జకాత్ వేరు, సాధారణ దానం వేరు. జకాత్ ఎవరికి చెందాలో దివ్య ఖుర్ఆన్ తౌబా సూరాలోని 60వ ఆయతు ఎనిమిది వర్గాలుగా చెప్పింది. గోడలకు, గోల్‌పోస్టులకు, కప్పులకు జకాత్ వాడరాదని ఎక్కువమంది ఉలమా అభిప్రాయం. మైదానం, పరికరాలు, కోచ్ జీతం సాధారణ సదఖా నుంచి, సభ్యత్వ రుసుము నుంచి రావాలి. ఆటగాళ్లలో నిరుపేద కుటుంబపు బిడ్డ ఉంటే ఆ కుటుంబానికి జకాత్ అందవచ్చు. అది కూడా మన ముఫ్తీ సాబ్‌ను అడిగి చేయాలి. రెండు పద్దులూ రెండు పుస్తకాల్లో ఉండాలి.

మన మూడు ఊళ్లలో ఏం చేయవచ్చు?

పెద్ద మాటలు పక్కనపెట్టి కొలతల్లోకి దిగుదాం. పూర్తి ఫుట్‌బాల్ మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉంటుంది. దానికి దాదాపు ఒకటిముప్పావు ఎకరం కావాలి. జాతీయ రహదారి పక్కనున్న సూర్యాపేటలో, కోదాడలో అంత స్థలం ధర మన చేతికి అందదు. చుట్టూ వరి పొలాలు, మిల్లులు ఉన్న మిర్యాలగూడలోనూ అంతే. కానీ పిల్లలు నేర్చుకోవడానికి ఐదుగురేసి ఆడే చిన్న మైదానం చాలు. అది 40 మీటర్లు, 20 మీటర్లు. అంటే ఎనిమిది గుంటలు. వాలీబాల్ కోర్టు 18 మీటర్లు, 9 మీటర్లు. కబడ్డీ కోర్టు 13 మీటర్లు, 10 మీటర్లు. ఈ రెండూ కలిపి మూడు గుంటలు. చుట్టూ ఖాళీ వదిలినా అర ఎకరంలో మూడు ఆటలు సరిపోతాయి. ఫుట్‌బాల్ పేరుతో వచ్చిన పిల్లలు మిగతా రెండూ నేర్చుకుంటారు. మన స్థాయికి తగిన బహుళ క్రీడల క్లబ్బు అంటే ఇదే.

స్థలం కొనడమే మార్గం కాదు. బడి యాజమాన్యంతో సాయంత్రం వేళకు రాతపూర్వక ఒప్పందం చేసుకోవచ్చు. వక్ఫ్ భూమి అయితే వక్ఫ్ బోర్డు అనుమతి లేకుండా ఒక్క గోల్‌పోస్టు కూడా పాతకూడదు. నోటి మాట మీద మొదలైన మైదానం నోటి మాట మీదే పోతుంది.

తర్వాత గురువు. మన బడుల్లో పనిచేసిన, రిటైరైన పీఈటీ సార్లు ఉన్నారు. ఆసక్తి ఉన్న ఇద్దరు యువకులను అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య డీ లైసెన్స్ కోచింగ్ కోర్సుకు పంపవచ్చు. వాళ్లు తిరిగివచ్చాక నెల జీతం ఇచ్చి అసర్‌కు, మగ్రిబ్‌కు మధ్య పిల్లలకు నేర్పించాలి. మగ్రిబ్ అజాన్‌తో ఆట ఆగుతుంది, పిల్లలు నమాజ్‌కో ఇంటికో చేరతారు. బంతుల విషయం చిన్నదిగా కనిపిస్తుంది కానీ కాదు. ఎనిమిదేళ్ల లోపు వాళ్లకు 3వ సైజు, పన్నెండేళ్ల వరకు 4వ సైజు, ఆపైన 5వ సైజు బంతి వాడాలి. చిన్న పిల్లాడికి పెద్ద బంతి ఇస్తే ఆట రాదు, మోకాలు నొప్పి వస్తుంది.

ఆడపిల్లలను మరిచిపోవద్దు. నిజామాబాద్ జిల్లా లంబాడీ కుటుంబంలో పుట్టిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టుకు ఆడింది, క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుకూ ఆడింది. మన జిల్లాల తండాల్లో, మన మహల్లాల్లో అలాంటి కాళ్లు లేవని ఎలా అనగలం? హిజాబ్ అడ్డమని అనేవారికి ఒక మాట. 2014లోనే ఫుట్‌బాల్ నియమాలు తలకప్పును అనుమతించాయి. 2023 మహిళల ప్రపంచ కప్‌లో మొరాకో క్రీడాకారిణి నొహైలా బెంజినా హిజాబ్‌తోనే ఆడింది. వేరే వేళ, మహిళా శిక్షకురాలు, చుట్టూ ప్రహరీ ఉంటే మన ఇళ్ల నుంచి కూడా అమ్మాయిలు వస్తారు.

తలుపు అందరికీ తెరిచి ఉంచాలి. జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు కులమతాల లెక్క లేకుండా జనం వస్తారని మనకు తెలుసు. మైదానం కూడా అలాగే ఉండాలి. తంగరాజ్, బలరాం లేకుండా రహీం సాబ్ జట్టు లేదు.

చివరిగా భద్రత. 2021 మార్చి 22న మన సూర్యాపేటలోనే జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల వేళ ప్రేక్షకుల గ్యాలరీ కూలి వంద మందికి పైగా గాయపడ్డారు. ఆ సాయంత్రం మన ఊరు ఇంకా మరిచిపోలేదు. కొద్దిరోజుల వేడుక కోసం కట్టింది కొద్దిరోజుల బలమే ఇస్తుంది. మన క్లబ్బుకు గ్యాలరీ అక్కర్లేదు. నేల చదునుగా ఉండాలి, తాగునీరు ఉండాలి, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలి, గోల్‌పోస్టు కదలకుండా నేలలో గట్టిగా నాటుకుని ఉండాలి.

సర్వసభ్య సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. గత మూడేళ్లలో మనలో ఒక్కొక్కరం టోర్నమెంట్లకు ఎంత ఇచ్చాం? అందులో సగం ఒకచోట చేరిస్తే ఒక కోచ్‌కు ఎన్ని నెలల జీతం అవుతుంది?

2. మూడు ఊళ్లలో ముందుగా ఏ ఊరు మొదలుపెట్టాలి? అర ఎకరం స్థలం, లేదా సాయంత్రం వేళ బడి మైదానం రాతపూర్వకంగా ఎక్కడ దొరుకుతుంది?

3. ఏటా చిన్న రుసుము కట్టే రెండు వందల మంది సభ్యులను చేర్చే బాధ్యత ఎవరిది?

4. జకాత్, సదఖా, సభ్యత్వం మూడు పద్దుల లెక్కను ఏటా ఆడిట్ చేయించి ఈ సంచికలోనే అచ్చు వేయడానికి మనం సిద్ధమేనా?

5. మొదటి కోచ్ వెళ్లిపోయిన రోజు ఆయన స్థానంలో నిలబడే మనిషిని ఎప్పటి నుంచి తయారు చేస్తాం?

మహమ్మదన్ స్పోర్టింగ్ పెద్దలు 1887లో మొదలుపెట్టిన పనికి 1934లో ఫలం వచ్చింది. మొక్క నాటిన వాళ్లలో చాలామంది ఆ పండు చూసి ఉండరు. మనమూ చూడకపోవచ్చు. కానీ రాబోయే ఏడాది ఎవరైనా కుర్రాడు కప్పు కోసం చందా పుస్తకం పట్టుకుని వచ్చినప్పుడు అతన్ని కూర్చోబెట్టి ఒక మాట అడుగుదాం: "బేటా, కప్పు సరే. మీకు రోజూ నేర్పేది ఎవరు?" ఆ ప్రశ్నకు అతని దగ్గర ఒక పేరు జవాబుగా ఉన్న రోజున మన చందా నిలిచినట్టు.

మనం ఇచ్చే ప్రతి రూపాయినీ అల్లాహ్ స్వీకరించి, దాన్ని మన పిల్లల ఆరోగ్యంగా, సత్ప్రవర్తనగా, పరస్పర స్నేహంగా మార్చుగాక. ఆమీన్.